దర్వాజల పట్టని కిరాయిదారు

మండుతున్న పొయ్యి సాక్షిగ చెప్తున్న, ఈ ముచ్చట్ల ఒక్క ముక్క అబద్ధం లేదు. అబద్ధమైతె ఈ చాయ్ నా గొంతుల అడ్డం పడాలె. చూడుండ్రి, మంచిగ దిగింది! ఇగ ఇనుండ్రి. లచ్చిమీ, నువ్వు సుత జెర దగ్గరికి జరుగు, నీతోని పనున్నది.

ఇంట్ల దొంగతనం ఎవరికైనా అయితది. కని ఆ దొంగకు పోలీసు జవానే సామాను మోసి, బస్సు మీదికి ఎక్కించి, "పైలం" అని చెప్పి సాగనంపుడు ఈ సంగారెడ్డిల ఒక్క నాకే జరిగింది!

ఈ నడుమ ఊర్లె చోరీలు ఎక్కువైనయి గద. మిల్లుల పని అని ఎక్కడెక్కడి మనుషులో వస్తున్నరు, మనం ఎన్క ముందు చూడకుంట అర్రలు కిరాయికి ఇస్తున్నం. అందుకని పోలీసుల పెద్ద అమీన్ సాబ్ ఇండ్లు గలోళ్ళనందరిని ఠాణాకు పిలిపిచ్చిండు. "మీరు కిరాయికి పెట్టుకున్నోడు ఎవడు, ఎట్లుంటడు, మాకు చెప్పుండ్రి. మీరు కండ్లు, మేము చేతులు. కలిసి పనిచేస్తె ఊర్లె చెంచా గూడ పోదు" అన్నడు. ఇనెతందుకు ఎంత మంచిగున్నది! అంటె ఏందంటె, కావలి కాసుడు మన పని, వచ్చిన జవానుకు చాయ్ పోసుడు మన పని, చోరీ కాకుంటె పేరు మాత్రం వాళ్ళది.

సరే, లైన్ల నిలవడ్డం. నా ముంగట మా పక్కింటి ఖాజాబీ. ఆమె కిరాయిదారుకు చేతికి ఆరు వేళ్ళట! ఒక కన్ను పిల్లి కన్నట! అమీన్ సాబ్ కలం ఆపి "అచ్ఛా? అచ్ఛా?" అని నోరు తెరిచి ఇంటున్నడు. చెప్పుడు అయిపోయినంక ఖాజాబీ నా దిక్కు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు పాలు ఇరిగిపోతయి.

నా వంతొచ్చింది. నా కిరాయిదారు నర్సింలు. బియ్యం మిల్లుల హమాలినని చెప్పి దిగిండు. పొడుగు గాదు, పొట్టి గాదు. నలుపు గాదు, ఎరుపు గాదు. మీసం ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు. గసొంటోని గురించి ఏం చెప్పాలె? ఖాజాబీ ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?

"సాబ్, మనిషి ఏడడుగులుంటడు. నా దర్వాజల పట్టడు, వంగి, అడ్డం తిరిగి లోపలికి రావాలె. మీసాలు చెవుల దాంక. చెంప మీద ఇంత పొడుగు గాటు. వాడు ఈడ తుమ్మితె అంత దూరం చిట్కుల్ ఊర్లె కోళ్ళు లేస్తయి" అన్న.

అమీన్ సాబ్ కుర్చీలకెల్లి లేచి నిలవడ్డడు! ఖాజాబీ మొఖం మాడిపోయింది. ఆ సంబురానికి ఆ రాత్రి నాకు అన్నమే గుర్తుకు రాలేదు.

తెల్లారి జవాను రానే వచ్చిండు. తలుపు తీసింది నర్సింలే.

"ఏమయ్యా, ఆ పొడుగోడు ఇంట్ల ఉన్నడా?"

నర్సింలు నా దిక్కు చూసిండు. నేను ఇంటి కప్పు దిక్కు చూసిన. వీడే వాడు అంటె నా మీసాలు ఏం గావాలె, నా గాటు ఏం గావాలె? "బిడ్డా, ఈ పిలగాడు ఆయన తమ్ముడు. అన్న పనికి పోయిండు" అన్న.

నర్సింలు ఏం తక్కువోడా! వెంటనే "అవ్ సాబ్, మా అన్న మంచోడు గాదు. జెర నిగా పెట్టుండ్రి" అన్నడు.

గట్ల నా ఒక్క అర్రల ఇద్దరు కిరాయిదార్లయిన్రు! జవాను రోజు వచ్చుడు, నా చాయ్ తాగుడు, నర్సింలుతోని ముచ్చట పెట్టుడు, ఇద్దరు కలిసి లేని అన్న కోసం గల్లీ దిక్కు చూసుడు. దాని పేరు డ్యూటీ.

మొన్న నేను బొంతపల్లి వీరభద్రుని దర్శనానికి పోయిన. తిరిగొచ్చి చూస్తె అర్ర ఖాళీ! పెరట్ల నా రాగి గంగాళం లేదు! ఈ గల్లీల ఎవరింట్ల పెండ్లయినా నీళ్ళు అండ్లనే కాగాలె. వచ్చే శుక్రవారం ఖాజాబీ బిడ్డ నిఖాకు ఇస్తనని నేను మాట గూడ ఇచ్చిన.

ఉరికొచ్చి చూస్తె జవాను గల్లీ మొగకాడ నవ్వుకుంట నిలవడ్డడు. "పరేషాన్ గాకు అవ్వా, పొడుగోడు ఇటు దిక్కే రాలేదు. తమ్ముడే పాపం, గంగాళానికి కళాయి పెట్టిచ్చుకరమ్మన్నవట గద, పటాన్‌చెరు తీస్కపోయిండు. ఒక్కనితోని లేస్తలేదు. నేనే ఒక దిక్కు పట్టి బస్సు మీదికి ఎక్కిచ్చిన."

ఠాణాకు ఉరికిన. "సాబ్, దొంగ ఆ చిన్నోడే! పొడుగోడు లేనే లేడు, నేనే పుట్టిచ్చిన!" అని మొత్తుకున్న.

అమీన్ సాబ్ నా దిక్కు జాలిగ చూసిండు. "వాడు నిన్ను మస్తు బెదిరిచ్చినట్టున్నడు. ఇగ భయపడకు అవ్వా. వాన్ని పట్టుకున్నం."

"ఎవన్ని సాబ్?"

తొంగి చూస్తె కటకటాల ఎన్క ఏడడుగుల మనిషి! మీసాలు చెవుల దాంక! చెంప మీద గాటు సుత! పటాన్‌చెరు అంగట్ల ఎడ్లు అమ్ముకునేటోడు. ఆ గాటు ఎద్దు కొమ్ముదట. నా జిందగీల నేను చెప్పిన ముచ్చట ఇంత పక్కాగ నిజమైంది ఇదే మొదలు!

"ఈయన కాదు సాబ్" అంటె, "ఎట్ల కాదు? నువ్వు చెప్పినట్టే ఉన్నడు గద" అంటున్నడు. అబద్ధం చెప్తె కుర్చీలకెల్లి లేచినోడు, నిజం చెప్తె కాళ్ళు చాపుకొని కూసున్నడు. ఆ ఎడ్లాయనేమొ కటకటాలు పట్టుకొని, "నేను నీకేం చేసిన అవ్వా? అక్కడ నా ఎడ్లకు నీళ్ళు ఎవరు పెడ్తరు?" అంటున్నడు. ఆ మాట ఇన్నప్పటికెల్లి నాకు బుక్క దిగుతలేదు. దానికి తోడు ఖాజాబీ గోడ మీదికెల్లి, "ఏమక్కా, నీ పొడుగాయన శుక్రవారం లోపల గంగాళం వాపస్ తెస్తడా?" అని అడుగుతున్నది.

అందుకే లచ్చిమీ, లే. నీ నోట్లకెల్లి మాట రావుడే ఎక్కువ, అందుకని నిన్ను అందరు నమ్ముతరు. ఈ మూట తీస్కొని ఠాణాకు పో. ఆ ఎడ్లాయనకు నూరు జొన్న రొట్టెలు చేసిన... సరే, పది. అవి ఆయన చేతికియ్యి. అమీన్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పు: నర్సింలు నీ అంత ఎత్తే ఉంటడు, మొఖం మీద ఏ గుర్తు లేదు, వాడే దొంగ, ఈయనను ఇడిచిపెట్టుమను. ఒక్క ముక్క గూడ ఎక్కువ కలపకు. మనిషి పానం మీది ముచ్చట.

కని గంగాళం ఎంతుంటదని అడుగుతరు సూడు, అప్పుడు మాత్రం తక్కువ చెప్పకు. అండ్ల ఏనుగు పిల్ల మునుగుతదని చెప్పు!