ఉంగరంతో తట్టే మెకానిక్

నాంపల్లి స్టేషన్ ఎదుటి వరుసలో దుకాణం పెట్టిన ఇంద్రసేన మెకానిక్కే, కాని ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు తొడుక్కుంటాడు. బండి కిందికి దూరేవాణ్ణి కూలివాడంటాడు. బండికి ఏ జబ్బు వచ్చినా వేలి ఉంగరంతో అద్దం మీద రెండుసార్లు తట్టి, కళ్లు మూసుకుని తేల్చేస్తాడు. టాక్సీ బీరయ్య వచ్చిన పొద్దున కూడా అంతే చేశాడు. స్పీడు ముల్లు సున్నా దగ్గరే పడి ఉంది. మధ్యాహ్నం బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు అది కదలకపోతే టాక్సీ రోడ్డెక్కదు. "మీటరు ఖతం," అన్నాడు ఇంద్రసేన. "జర కింద వైరు సూడు ఉస్తాద్," అన్నాడు బీరయ్య. "స్టీరింగు నీది, దిమాక్ నాది," అంటూ ఇంద్రసేన కొత్త మీటరు బిగించాడు. ఆబిడ్స్ దాకా పోయి వచ్చినా ముల్లు లేవలేదు. "కొత్త పెండ్లికూతురు లెక్క జర సిగ్గు పడ్తుంది," అన్నాడు ఇంద్రసేన.

బీరయ్య గోనెపట్టా పరిచి బండి కిందికి పోయాడు. గేరుబాక్సు నుంచి మీటరుకు పోయే వైరు మధ్యలో తెగి ఉంది. పక్క దుకాణంలో కొత్త వైరు కొని తెచ్చి తగిలించి, పాత మీటరునే మళ్లీ బిగించాడు. ఇద్దరూ మళ్లీ బయల్దేరారు. ఆబిడ్స్ చేరేసరికి ముల్లు ముప్పై దాటింది. ఇంద్రసేన ఉంగరంతో మీటరు అద్దం తట్టాడు. "నా చెయ్యి పడ్డదంటే గిట్లనే ఉంటది." "ఔ ఉస్తాద్," అని బండి ఆపి, బీరయ్య జిడ్డు చేతులతోనే కొత్త మీటరును అతని ఒడిలో పెట్టి, తొడ మీద మెల్లగా తట్టాడు. నాంపల్లిలో ఇంద్రసేన తెల్ల ప్యాంటు మీద ఐదు నల్లటి వేళ్ల అచ్చులతో దిగాడు. చూసినవాళ్లకు మొదటిసారి మెకానిక్‌లా కనిపించాడు.