మారు అడిగిన మనిషి

మొన్న బందరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పొడవాటి బల్లల మీద స్టీలు పాత్రలు, వాటి కింద నీలంగా వణికే స్పిరిటు మంటలు, ఆ వాసనలో మునిగిపోయి ఏది వంకాయో ఏది బీరకాయో తేలని కూరలు. కంచం పట్టుకుని రెండోసారి వరసలో నిలబడి, "అన్నం మారు వెయ్యమ్మా" అన్నాను. "మార్చాలా మేడమ్? బాగాలేదా?" అని వడ్డించే అమ్మాయి కంగారుపడింది. ఆ పిల్ల తప్పేముంది? రెండోసారి పెట్టుకునే అన్నాన్ని మారు అనేవాళ్ళే తగ్గిపోయారు. ఆ మాట దగ్గర నేనూ ఒకప్పుడు ఇంతకన్నా ఘోరంగా బోల్తాపడ్డాను.

అప్పుడు నేను ఏడో తరగతి. మావి సముద్రం మీద బతికే కుటుంబాలు. అమ్మకీ నాన్నకీ కులపెద్దల ముందు తెగతెంపులయ్యాయి. తెగించింది నాన్న, తెంపుకున్నది అమ్మ, మధ్యలో వేలాడింది నేను. నాన్న దివిసీమలో నాగాయలంక దగ్గరే వలలతో ఉండిపోయాడు. అమ్మ నన్ను తీసుకుని బందరులో అమ్మమ్మ ఇంటికి చేరి, ఎండుచేపల గంపతో రైలెక్కి గుడివాడ వెళ్ళి అమ్ముకొచ్చేది. ఆ మామిడికాయల రోజుల్లో ఇంటినిండా ఎండు మెత్తళ్ళ వాసన, వాటిలో పడబోయే పుల్లటి ముక్కల వాసన, సందు చివరి నుంచి ఉప్పుగాలి, ఆ గాలికి టపటపా కొట్టుకునే తడిక తలుపు. ఆ తలుపుకన్నా నేనే ఎక్కువ కొట్టుకునేదాన్ని, గుమ్మంలోకి, వీధిలోకి, మళ్ళీ గుమ్మంలోకి. నాన్న నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా కొత్తగా తలకి సంపెంగ నూనె రాసుకుని, "నీకో పిన్ని వస్తే బాగుంటదా అమ్మా?" అని అడగటం మొదలెట్టాడు. అమ్మేమో గుడివాడ వెళ్ళే రోజు కనకాంబరాలు పెట్టుకుంటోంది. చేపల గంపకి కనకాంబరాలెందుకో నాకు అర్థమయ్యేది కాదు; అర్థమవుతున్నట్టూ ఉండేది.

బళ్ళో నాకు కరుణ ఒక్కతే దిక్కు. చర్చి పంతులుగారి అమ్మాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల పరికిణీ నలగకుండా మోకాళ్ళ మధ్య దోపుకుని, మా అరుగు మీద నాతో అచ్చంగాయలు ఆడేది. ఆ వేసవిలో ఉన్నట్టుండి నన్నొదిలి, కాంపౌండరుగారి అమ్మాయి పక్కన చేరింది. బెంచీ మీద జానెడు దూరమే; నాకు గుడివాడంత దూరం. ఎందుకే అని అడిగితే, "మీ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు మళ్ళీ మళ్ళీ అవుతాయంటగా. మా అమ్మ నీ పక్కన కూర్చోవద్దంది" అంది.

"అయితే నీకే నష్టం. పెళ్ళి భోజనాలు మా ఇంట్లోనే ఎక్కువ" అన్నాను. మాటైతే అన్నాను గానీ, ఆ సాయంత్రం అచ్చంగాయలు ఒక్కదాన్నే ఆడుకున్నాను. గెలిచిందీ నేనే, ఓడిందీ నేనే.

ఆ వారంలోనే అమ్మమ్మ పక్కింటావిడతో అంటూంటే విన్నాను: "గుడివాడ సైకిలు షాపాయన ఆదోరం బోయనానికొత్తన్నాడు. మారడిగితే మాత్రం మా పిల్ల కాదనదే."

మారుమనువు అనే మాట అమ్మమ్మ నాలుక మీద సగానికి తెగిందని నాకేం తెలుసు? నాకు తెలిసిన మారు అన్నమొక్కటే. ఆయన రెండోసారి అన్నం అడిగితే అమ్మని ఇచ్చేస్తారు. నన్ను నాగాయలంక పంపి, రాబోయే పిన్ని చేతిలో పెడతారు. కాబట్టి గిన్నెలో మారుకి మెతుకు మిగలకూడదు.

ఆదివారం నాకు ముందే పెట్టేశారు. చందువా చేపల పులుసు కలుపుకుని తిన్నాను. మారు అడిగాను. మారు మీద మారు అడిగాను.

"అది కడుపా కొల్లేరా!" అంది అమ్మమ్మ.

ఆయన వచ్చాడు. పేరు సాంబయ్య. భార్య పోయి చాలాకాలమైందట. ఉతికిన చొక్కా, ఎంత తోమినా వదలని గ్రీజుతో నల్లటి గోళ్ళు. "మావయ్యకి నీళ్ళియ్యవే" అంది అమ్మ. తలొంచుకుని తింటున్నాడు. విస్తరి ఖాళీ కాగానే అమ్మ గిన్నె వంచింది; గరిటె అడుగున గీసుకున్న చప్పుడు.

"చాలండీ, నిండిపోయింది" అన్నాడాయన.

గెలిచాననుకున్నాను. చెయ్యి కడుక్కొచ్చి తుడుచుకుంటూ అమ్మమ్మతో, "మీ అమ్మాయిని మారుమనువు అడుగుదామనే వచ్చానండీ" అన్నాడు.

నా కొల్లేరు కదిలింది. వీధిలోకి పరిగెత్తబోయి గుమ్మంలో ఆయన చెప్పుల దగ్గరే ఆగిపోయాను. తిన్నదంతా వాటి మీదే. ఎవరో నా నుదురు పట్టుకున్నారు. గ్రీజు వాసన.

"ఏం పర్లేదమ్మా, చెప్పులేగా" అన్నాడు. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి, "ముందు ఈ పిల్లనడగండి. మా ఇంటికొస్తానంటేనే మిగతా మాట" అన్నాడు.

"వస్తావటే?" అంది అమ్మ.

నన్ను కూడా తీసుకెళ్తారన్న సంగతి తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. ఎక్కీ ఎక్కగానే, నన్నొక్కదాన్నే తీసుకుపోతాడేమోనని భయమేసింది. "అమ్మొస్తేనే వస్తా" అన్నాను.

అమ్మమ్మ నవ్వాపుకోలేక గోడకి చేరబడిపోయింది. అలా మా అమ్మ పెళ్ళికి పెద్దని నేనయ్యాను.

కరుణా నేనూ మళ్ళీ కలిసిపోయామని రాస్తే బాగుండును, కలవలేదు. గుడివాడ బళ్ళో ఇంకో బెంచీ, ఇంకో జట్టు. సెలవులకి నాగాయలంక వెళ్తే, నాన్న తెచ్చుకున్న పిన్ని నాకు జడ వేసేది, కళ్ళు పైకి లాక్కుపోయేంత బిగువుగా. సాంబయ్యని నేను చివరిదాకా మావయ్యా అనే పిలిచాను. అమ్మ మొగుడు మావయ్యేంటని వినేవాళ్ళు తికమకపడేవారు. ఆయన మాత్రం నాన్నా అనమని ఎన్నడూ అడగలేదు. మావయ్యా అంటే చాలు, ఊడదీసిన సైకిలు కింద నుంచి కూడా "ఏంటమ్మా" అని పలికేవాడు.

ఇప్పుడు అమ్మా లేదు, ఆయనా లేడు. మా అపార్ట్‌మెంటులో పిల్లలు కనిపించిన మగాళ్ళందరినీ అంకుల్ అంటారు. పిలిచిన పిల్లల వైపు ఓసారి తల తిప్పి చూసి, లిఫ్టెక్కి వెళ్ళిపోతారు ఆ అంకుళ్ళు.