పది రోజుల చీటీ

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి దాటకముందే, పెద్ద పెద్ద డాక్టర్లకు లొంగని మా అమ్మ తలనొప్పిని నేనొక్కడినే వదిలించాను. కోదాడ మందుల షాపులో అందరూ చూస్తుండగా ఆమె మందుల చీటీని పరపరా చించి పారేశాను. మనవలకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

చించలేదు. ఆ చీటీ కోసం ఏడ్చాను. అదే నిజం.

మాది మునగాల దగ్గర పల్లె. అమ్మ తలనొప్పికి సూర్యాపేట డాక్టరు పది రోజులకు గోలీలు రాశాడు. హాయిగా అనిపించింది కాబోలు, ఆ చీటీని ప్లాస్టిక్ కవరులో చుట్టి రేషన్ కార్డు పక్కన దాచింది, అదీ ఏళ్ల తరబడి చెల్లుతుందన్నట్టు. రెండేళ్లు నడిపింది. సూర్యాపేటలో షాపువాళ్లు గొణిగితే మిర్యాలగూడ, అక్కడా అడిగితే కోదాడ. మొదట్లో నొప్పి వస్తే వేసుకునేది. తర్వాత వస్తుందేమోనని వేసుకునేది. వేసుకోని పూట చేతులు వణికేవి.

ఆ రోజు గోలీలు అయిపోయాయి. తలకు తడిగుడ్డ బిగించుకుని, చీటీ నా చేతిలో పెట్టి కోదాడ బస్సెక్కించింది. "గోలీలు లేకుండ ఇంటికి రాకు" అంది. ఆ గొంతు మా అమ్మది కాదనిపించింది.

కోదాడ షాపాయన చీటీ మడతలు విప్పి, వెనక్కి తిప్పాడు. మూడు ఊళ్ల షాపుల ముద్రలు, ఒకదానిమీద ఒకటి.

"ఏరా అబ్బాయ్, పది రోజులకు రాసిందాన్ని ఎన్నాళ్లు తింటదిరా మీ అమ్మ?" అని చీటీని సొరుగులో వేశాడు. నేను బల్ల కింద నుంచి దూరి ఆయన చెయ్యి కొరికాను. ఆయన కొట్టలేదు. నా ఏడుపు ఆగేదాకా ఆగి, మెల్లగా చెప్పాడు. తలనొప్పికని మింగే గోలీలే ఇప్పుడు తలనొప్పి తెస్తున్నాయేమో, ఒక్కసారే ఆపినా ముప్పే, చీటీ రాసిన డాక్టరు దగ్గరికి రేపే అమ్మను తీసుకుపొమ్మని. అప్పటిదాకా అని రెండు గోలీలు పొట్లం కట్టిచ్చాడు.

రెండే చూసి అమ్మ గోడకు తల కొట్టుకుంది. మర్నాడు సూర్యాపేట డాక్టరూ అదే మాట అన్నాడు. వారం వారం కొంచెం కొంచెం తగ్గించమని లెక్క రాసిచ్చాడు. ఆ నెల రోజులు మా ఇంట్లో గిన్నె పెట్టినా చప్పుడు కాకుండా పెట్టాం. రాత్రిళ్లు ఆమె అటూ ఇటూ దొర్లుతుంటే నేను ఊపిరి బిగబట్టి పడుకునేవాణ్ణి. నెల దాటాక ఒక పొద్దున తలకు గుడ్డ లేకుండా నాట్లకు వెళ్లింది.

ఇప్పటికీ ఏ డాక్టరు ఏ మందు రాసినా నేనడిగే మొదటి మాట, "ఎన్ని రోజులకు?"

మొన్న మనవలకు ఈ అసలు కథ చెబుతుంటే, మంచం మీద పడుకున్న మా అమ్మ లేచి కూర్చుంది.

"రెండు గాదురా, నాలుగిచ్చిండాయన. రెండు నీ పుస్తకాల సంచిల దాసినవ్, నేను మరీ ఏడిస్తె ఇద్దామని. గాడ ఉన్నయని నెల దినాలు నాకెరుకే. ముట్టలే. వదిలించింది నువ్వు గాదు, నేను."