కార్డియోకీ స్ట్రెంతుకీ మధ్య శ్యామలాంబగారు

శ్యామలాంబగారు ఆ ఇంటికి కోడలై వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అన్నేళ్లలో ఆవిడ ఊరి రోడ్డు మీద ఒక్క రోజు కూడా నడవలేదు. కాళ్లు లేక కాదు, పరువుండి. పాలకొల్లు కాలవ పక్కనున్న ఆ ఊళ్లో భీమరాజుగారిల్లంటే ఒకప్పుడు దివాణం. ఇప్పుడు పొలం చాలామట్టుకు కరిగిపోయి, రైసు మిల్లులో వాటా, ఓ ముసలి అంబాసిడర్ కారు, పెచ్చులూడే మేడ మిగిలాయి. చింత చచ్చినా పులుపు చావదంటారు కదా, ఆ ఇంటి ఆడవాళ్లు గుమ్మం దాటి నడవకూడదనే ఆచారం మాత్రం సెంటు కూడా తరగలేదు.

గుడికి వెళ్లాలన్నా కారే, పెళ్లికి వెళ్లాలన్నా కారే. పోనీ ఇంట్లోనైనా కదులుదామంటే అదీ కుదరదు. ఆవిడ బిందె మీద చెయ్యి వేస్తే చాలు, పుట్టింటి నుంచి ఆవిడతో పాటే వచ్చిన పనిమనిషి పాపాయి లాక్కుంటుంది. చీపురు ముట్టుకుంటే వంటావిడ లబోదిబోమంటుంది. ఏ పనీ చెయ్యకుండా ఉండటమే ఆ ఇంటి కోడలి పని. తినడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాదు. పైగా వచ్చిన చుట్టాలతో పాటు కూర్చుని రెండు కాజాలు కొరక్కపోతే వాళ్లు నొచ్చుకుంటారు. అలా శ్యామలాంబగారు ఇంటి పరువుతో పాటు ఏటేటా పెరుగుతూ వచ్చారు.

ఆవిడకి రత్నమాణిక్యమని ఒక చెల్లెలు. ఇద్దరినీ ఒకే ఊరికి ఇస్తే ఒకరికొకరు తోడుంటారని వాళ్ల నాన్న తెగ మురిసిపోయాడట. చెల్లెలిల్లు కాలవ వంతెన దాటగానే వస్తుంది. మగాడు ఇక్కడ చుట్ట ముట్టిస్తే అది ఆరేలోపు అక్కడుంటాడు. అక్కాచెల్లెళ్లు కలుసుకోవాలంటే మాత్రం కారు ఖాళీగా ఉండాలి, డ్రైవరు సాల్మన్ పనిలోకి రావాలి, భీమరాజుగారికి మనసు పుట్టాలి. ఈ మూడూ ఒక్క రోజున కలిసి రావడమంటే గ్రహాలు కలిసినంత పని.

ఆ ఏడు, అంటే రెండు వేల నాలుగులో, రత్నమాణిక్యానికి పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది, మాట ముద్దయింది. శ్యామలాంబగారు కారులో వెళ్లి అరగంట కూర్చుని వచ్చారు. వచ్చేటప్పుడు చెల్లెలు ఎడం చేత్తో ఆవిడ చీర కొంగు పట్టుకుని వదల్లేదు. దాన్ని విడిపించుకుని రావలసి వచ్చింది, ఎందుకంటే బయట సాల్మన్ హారన్ కొడుతున్నాడు. ఆ తర్వాత కారు ఖాళీ కాలేదు. ఆవిడ చాలా ఏడ్చారు. తలుపేసుకునే ఏడ్చారు లెండి, ఆచారం తప్పలేదు.

అదే సమయంలో ఆవిడ మోకాళ్లు మొండికేశాయి. రాజమండ్రి తీసుకెళితే డాక్టరు మందులేవీ పెద్దగా రాయలేదు. బరువు తగ్గాలి, రోజూ ఓ గంట నడవండి, ఇలాగే కూర్చుంటే ఇంకో రెండేళ్లకి మిమ్మల్ని లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి అన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. వంతెన దాటి వెళ్లి, చెల్లెలికి నాలుగు ముద్దలు పెట్టి తిరిగి రావచ్చు, అదీ డాక్టరు చీటీ మీద. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా కారు వస్తున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. భీమరాజుగారు అదంతా గోదారి గాలి మహత్యమనుకున్నారు.

ఇంటికి రాగానే అరుగు మీద సభ జరిగింది. సభ అంటే భీమరాజుగారు, ఆయన తమ్ముడు పెద్దిరాజు, మధ్యలో ఉప్మా పెసరట్లు. పెద్దిరాజు పక్కింట్లో ఉంటాడు, టిఫిను వేళకి ఈ ఇంట్లో ఉంటాడు. కుర్రతనంలో హైదరాబాదులో రెండు నెలలు జిమ్‌కి వెళ్లిన అనుభవం ఆయనది. మనింటి ఆడవాళ్లు రోడ్డు మీద నడవడమేంటన్న విషయంలో అన్నదమ్ములిద్దరికీ ఏ పేచీ లేదు. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడింది అక్కడొక్కచోటే. బరువు ఇంట్లోనే తగ్గాలి. ఎలా తగ్గాలన్నదే ప్రశ్న.

భీమరాజుగారిది కార్డియో పక్షం. ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలో చదివారు. గుండె దడదడలాడాలి, చెమట ధారగా కారాలి, అప్పుడే కొవ్వు కరుగుతుందని వాదన. పెద్దిరాజుది స్ట్రెంత్ పక్షం. బరువులెత్తితే కండ వస్తుంది, కండ వచ్చాక పడుకున్నా కూడా కొవ్వు కరుగుతూనే ఉంటుందని ఆయన సిద్ధాంతం. పడుకుంటే కరగడమన్నది ఆ ఇంటి వంశాచారానికి బాగా నప్పింది కానీ, అన్నగారు ఒప్పుకోలేదు. రోజూ నెయ్యి గిన్నె అటూ ఇటూ జరుపుకుంటూ ఇద్దరూ కొవ్వు గురించి మాట్లాడారు. ఆ రెండు పొట్టలూ చూసినవాళ్లెవరూ అనుభవం లేని మాటలని అనలేరు.

ఒకరోజు తలుపు చాటు నుంచి శ్యామలాంబగారు, డాక్టరుగారు ఊరికే నడవమన్నారు కదండీ అన్నారు. అదే కార్డియో, నీకు తెలీదు ఊరుకో అన్నారు భీమరాజుగారు. నడవాల్సిన మనిషికి తప్ప ఆ ఇంట్లో అందరికీ నడక గురించి తెలుసు.

అన్న మాట అన్న మాటే కాబట్టి మొదట కార్డియో నెగ్గింది. విజయవాడ నుంచి ట్రెడ్‌మిల్లు దిగింది. హాల్లో పెడితే వచ్చే పోయే మగవాళ్లు చూస్తారని నలుగురు కూలీల చేత మేడ మీదికి ఎక్కించారు. మెట్లెక్కలేక డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషికి నడిచే యంత్రం మేడ మీద. ఈ సంగతి అన్నదమ్ములకి తట్టడానికి నెల పట్టింది. అప్పుడు దాన్ని దింపి, ఖాళీగా పడున్న ధాన్యం గదిలో పెట్టారు. అక్కడ ఎలకలు తప్ప ఎవరూ చూడరు.

శ్యామలాంబగారు నిజంగానే నడిచారు. కళ్లు మూసుకుని వంతెన దాటుతున్నట్టు ఊహించుకుంటూ నడిచేవారు. కళ్లు తెరిస్తే ఎదురుగా సున్నం ఊడిన గోడ. మిల్లు మోటారు వేసినప్పుడల్లా వోల్టేజి పడిపోయి కాళ్ల కింద పట్టా ఎడ్లబండిలా ఈడ్చుకుంటూ కదిలేది. ఒకరోజు మోటారు ఆపడంతో పట్టా ఒక్కసారిగా ఉరికింది, ఆవిడ వెనక్కి పడ్డారు. మోకాలు బూరెలా వాచింది. ఆముదపాకు కట్టు కట్టి పాపాయి రోజుల తరబడి మంచం దిగనివ్వలేదు. ఇది వోల్టేజి తప్పు గానీ కార్డియో తప్పు కాదని భీమరాజుగారు అందరికీ వివరించారు.

ఇక పెద్దిరాజు చేతికి పగ్గాలొచ్చాయి. డంబెల్స్ జత తెచ్చాడు. ఆ ఇంటి కోడలు నీళ్ల బిందె ఎత్తితే పరువు పోతుంది, ఇనప గుండు ఎత్తితే ఆరోగ్యం. ఎత్తడం నేర్పాలి కదా, మరిది ఎదుట వదినగారు చేతులు పైకెత్తి నిలబడటం బాగుండదు. అందుకని ఆయన హాల్లో పడక్కుర్చీలో కూర్చుని ఒకటీ, రెండూ అని లెక్కపెట్టేవాడు. తెర వెనక ఆవిడ ఎత్తాలి. ఆవిడ మాత్రం వాచిన కాలు చాపుకుని కూర్చుని, లెక్క ఆగినప్పుడల్లా ఆయ్, అయిందండి అనేవారు. పాపాయి ఆ డంబెల్‌తో శొంఠి కొట్టడం నేర్చుకుంది. ఇంట్లో స్ట్రెంత్ ట్రైనింగ్ వల్ల బాగుపడింది శొంఠి ఒక్కటే.

బరువు చూడ్డానికి మిల్లులో ధాన్యం కాటా ఉంది. ఆదివారం కూలీలు లేనప్పుడు గేటు మూయించి ఆవిడని దాని మీద నిలబెట్టేవారు. మొదట్లో బస్తా మీద పది కిలోలు తూగిన మనిషి, ఇంత శాస్త్రమూ జరిగాక బస్తా మీద పద్నాలుగు తూగారు.

"ఆ నాలుగూ కండేనండి వదినగారూ," అన్నాడు పెద్దిరాజు గేటవతల నుంచి.

కార్డియో ఆపినందుకు ఒళ్లొచ్చిందన్నారు భీమరాజుగారు. కాటా మీద నిలబడ్డ మనిషికి సిగ్గుతో కన్నీళ్లొచ్చాయి. వాళ్లు అప్పటికే వాదించుకుంటూ కారు దాకా వెళ్లిపోయారు.

ఇంతలో వంతెన అవతల నుంచి వచ్చే కబుర్లు బాగాలేవు. రత్నమాణిక్యం తిండి మానేస్తోందని, ఎవరు పెట్టబోయినా మొహం తిప్పుకుని గుమ్మం వైపే చూస్తోందని పాపాయి విని వచ్చింది. శ్యామలాంబగారు కారడిగారు. ఒకరోజు కోర్టు వాయిదా అన్నారు, మర్నాడు పాలకొల్లులో ఎవరిదో గృహప్రవేశం. ఆ తర్వాత అడిగితే, రేపు ఖాళీ లేదు, నీ పని మీదే భీమవరం వెళుతున్నాం అన్నారు. అక్కడ జిమ్ పెట్టిన మాస్టారొకడున్నాడు, కార్డియోనో స్ట్రెంతో వాడి నోటితోనే తేల్పించుకుని వస్తామన్నారు.

ఆ మాటతో ఆవిడకి ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ ఆవిడ నడక సంగతి తేల్చుకు రావడానికి కారెక్కి వెళ్లారు. కారు మలుపు తిరగ్గానే ఆవిడ చెప్పులేసుకుని గుమ్మం దిగారు. పాపాయి అడ్డం పడబోయింది గానీ, ఆ మొహం చూసి తప్పుకుంది.

రోడ్డు మీద ఎండ చురుక్కుమంది. పది బారలు నడిచేసరికి మోకాళ్లు పొడుస్తున్నాయి, గుండె దడదడలాడుతోంది, చెమట ధార కడుతోంది. భీమరాజుగారు చూస్తే చాలా సంతోషించేవారు. టీ కొట్టు దగ్గర మగవాళ్లు తలెత్తి చూసి మళ్లీ పేపర్లో పడ్డారు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. ఇంతసేపూ ఆవిడ భయపడింది వాళ్ల చూపులకే. ఆ చూపుల్లో ఏమీ లేదు. వంతెన మీదికొచ్చేసరికి ఊపిరందక పిట్టగోడ పట్టుకుని ఆగిపోయారు.

చేపల తట్టతో వెళుతున్న రూతు ఆవిడని చూసి ఆగింది. రూతు ఆ ఊరి మనిషే, వాళ్ల పెరటి గుమ్మంలో వారం వారం చేపలిచ్చి పోయే మనిషే. డబ్బులిచ్చేది పాపాయి కాబట్టి రూతూ శ్యామలాంబగారూ ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఏ ఊరండీ మీది? ఎవరింటికండీ?" అంది.

శ్యామలాంబగారు చెల్లెలి పేరు చెప్పారు.

"అయ్యో, నేనూ అటేనండి, చెయ్యి పట్టుకోండి," అని తట్ట ఒక చంకకి మార్చుకుని ఆవిడని నడిపించింది రూతు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. "మీరెంత దూరం నుంచొచ్చారో పాపం. ఆవిడకి సొంత అక్క ఉందటండి, ఈ ఊళ్లోనే, ఆ పెద్దింట్లో. ఒక్క పూటన్నా వచ్చి కూర్చోదట. గొప్పోళ్లకి ప్రాణాలుంటాయి గానీ మనసులుండవండి."

శ్యామలాంబగారు ఏం చెప్పాలి? నేను మంచిదాన్నే, మాకు ఆచారముంది అని చెప్పాలా? కాటా మీద నిలబడ్డ రోజున కూడా ఇంత సిగ్గు కలగలేదు. రూతు చెయ్యి మాత్రం వదల్లేదు.

చెల్లెలు అక్కని చూసి ఎడం చెయ్యి చాపింది. ఆవిడ మంచం మీదే కూర్చుని, పెరుగన్నం మెత్తగా కలిపి ముద్దలు పెట్టారు. రత్నమాణిక్యం మొహం తిప్పుకోలేదు. సగం మూతిలోంచి మెతుకులు జారుతుంటే అక్క తుడుస్తూ, మళ్లీ పెడుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేశారు.

అవతల అన్నదమ్ములు ఇంటికొచ్చి చూస్తే మనిషి లేదు. పాపాయి భయపడి, నాకు తెలీదన్నదే మాట. ఊరంతా వెతికారు. టీ కొట్టు దగ్గర, మిల్లు దగ్గర కారాపి అమ్మగారిని చూశారా అని సాల్మన్ అడిగితే, ఎలా ఉంటారండీ అని వాళ్లు ఎదురడిగారు. సాల్మన్ వెనక్కి తిరిగి భీమరాజుగారి వైపు చూశాడు. ఆయన కాసేపు ఆలోచించి, లావుగా ఉంటుంది అన్నారు. ఏ రంగు చీరండీ అంటే చెప్పలేకపోయారు. ఆవిడ అంత దూరం నడిచి ఉండొచ్చన్న ఊహ అందరికన్నా ఆఖర్న వచ్చింది ఆయనకి.

రత్నమాణిక్యం ఇంటి గుమ్మంలోకి వచ్చి భీమరాజుగారు మండిపడ్డారు. "ఊరంతా అడిగాం. నిన్ను చూసినవాడు ఒక్కడూ లేడు. ఎలా వచ్చావు?"

"నడిచొచ్చానండి. అందరూ చూశారు. నేనెవరో వాళ్లకి తెలీదు," అన్నారు శ్యామలాంబగారు.

ఆయన గుమ్మంలో ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ సందులో పెద్దిరాజు తల దూర్చి, రెండూ చెయ్యాలటండి వదినగారూ, మాస్టారు చెప్పాడు, అన్నాడు. చివరికి భీమరాజుగారు గొంతు తగ్గించి, సరే, కారెక్కు అన్నారు.

"మీరెళ్లండి. నేను నడిచే వస్తాను. రేపు కూడా వస్తాను," అని ఆవిడ చెల్లెలి దుప్పటి సర్ది, చెప్పులేసుకుని బయల్దేరారు.

వదిలేసి పోతే పరువు తక్కువ, పక్కన నడిస్తే ఇంకా తక్కువ. అందుకని కారు ఆవిడ వెనకాలే మొదటి గేరులో పాక్కుంటూ వచ్చింది. వంతెన మీద ఆవిడ ఆగితే అదీ ఆగింది. టీ కొట్టు దగ్గర ఈసారి మాత్రం పేపర్లు కిందికి దిగాయి. తట్ట ఖాళీ చేసుకుని వస్తున్న రూతు ముందు కారుని చూసింది, తర్వాత మనిషిని చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్యామలాంబగారు ఆగి, రేపు కూడా ఇదే వేళకి వస్తాను, చెయ్యిస్తావా అని అడిగారు. రూతు తలూపింది.

ఇంటి ఆడవాళ్ల కోసమని ఆ అంబాసిడర్ అద్దాలకి నల్ల గుడ్డ తెరలుంటాయి. భీమరాజుగారు వాటిని నాలుగు వైపులా లాగేసుకున్నారు. ఆవేళ ఊళ్లో ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరింది ఆ అన్నదమ్ములే.