వీపుకి ఆముదం

హమాలీల ముఠా మేస్త్రి దానయ్య పిలిచి టీ ఇప్పించగానే రసూల్‌బీకి అనుమానం వచ్చింది.

నల్లపాడు రోడ్డులో ఉన్న ఆ మిరపకాయల కొట్లో ఆమె పద్దెనిమిదేళ్లుగా టిక్కీ బస్తాలకు మూతులు కుడుతోంది. గోనెసంచిలో కాయ తొక్కి నింపి మగవాళ్లు పక్కకి జరిగితే దబ్బనం పట్టుకుని ఆమె వస్తుంది. దూదేకే మొగుడు పోయాక ఆ దబ్బనమే ఆమెకి కూడు పెట్టింది. ఇన్నేళ్లలో ఏ మేస్త్రీ ఆమెని మంచినీళ్లు తాగావా అని కూడా అడగలేదు.

"పంచదార సరిపోయిందా, రసూల్‌బీ?"

"సరిపోయింది. సంగతేంటో చెప్పు."

దానయ్య గొంతు తగ్గించాడు. "బుడాన్ నీ పంచలోనేగా అద్దెకుండేది. ఆ క్రీస్తుదాసు, సొంత కొంప పెట్టుకుని, ఆదివారం ప్రార్థన అవగానే వచ్చి మీ పంచలో పడతాడేంటో. నువ్వేమన్నా చూశావా?"

"ఏం చూడాలి?"

"తెలీనట్టు మాట్లాడకు. రేపు ముఠా కూర్చుంటోంది. చూసింది చెప్పు చాలు, ఇద్దర్నీ తీసేస్తాం."

ముఠాలోంచి తీసేసిన హమాలీని గుంటూరులో ఇంకో కొట్టు గడప తొక్కనివ్వదు. రసూల్‌బీ సగం టీ వదిలేసి లేచింది.

బుడాన్, క్రీస్తుదాసులది నాలుగేళ్ల జత. ఒకడు కాయ పోస్తుంటే ఒకడు టిక్కీలో నిలబడి తొక్కుతాడు. సాయంత్రం కాళ్లు కడుక్కున్నాక జతగాడి వీపుకి జతగాడే ఆముదం రాయాలి. కారం మంట మరి, వీపుకి ఎవడికి వాడు రాసుకోలేడు. ముఠాలో ఇరవైమందీ రాసుకునేవాళ్లే. ఈ గుసగుస పుట్టిన పది రోజులుగా మాత్రం ఎవడూ ఎవణ్ణీ ముట్టుకోవడం లేదు. గేదెల్లాగా వీపులు గోడకి రుద్దుకుంటున్నారు.

ఇందులో దానయ్యకేంటి లాభం? ఇంటికి నడుస్తూ ఆమె అదే వెతికింది. బావమరిదిని ఎక్కిద్దామనా? వాడికి ఒంగోల్లో పనుంది. పాత పగా? క్రీస్తుదాసు బాప్తిస్మానికి చొక్కా కుట్టించింది దానయ్యే. ఎటు తిప్పినా లాభం దొరకలేదు. అప్పుడు భయమేసింది. కూలి కోసేవాణ్ణి, తూకంలో కొట్టేవాణ్ణి ఆమె ఎరుగును, వాళ్లతో ఎలా పోట్లాడాలో తెలుసు. తనకేమీ రాకపోయినా ఎదుటివాడి నోటికాడి కూడు లాగేద్దామనుకునే మనిషిని చూడ్డం ఇదే మొదలు. పైగా అది మంచిపనని నమ్ముతున్నాడు.

మరి ఈ మాట మోసిందెవరు? పక్కింటివాళ్లా, పాలవాడా? ఒక్కొక్కళ్లనీ అనుమానించుకుంటూ పంపు దాకా వచ్చి ఆగిపోయింది. 'సొంత కొంప పెట్టుకుని మా పంచలో పడతాడేంటో.' ఆ మాట తనదే. బిందె నిండేలోగా, తనతోపాటు మూతులు కుట్టే చాంద్‌బీతో ఇక్కడే అంది.

అంతకు ముందు ఆదివారం పంచలో పచ్చడి నూరుతుంటే క్రీస్తుదాసు కంట్లో మిరప గింజ పడితే బుడాన్ వాడి తల ఒళ్లో పెట్టుకుని తడి తువ్వాలుతో తుడిచాడు. గింజ వచ్చేసింది. చెంప మీద చెయ్యి మాత్రం తీయలేదు. కిటికీలోంచి చూసిందామె. చెడ్డ ఉద్దేశంతో అన్లేదని ఇప్పుడు తనకి తాను చెప్పుకోబోయింది. అది అబద్ధం. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి గ్లాసులూ తన గ్లాసుల్లో కలపడం మానేసింది.

మర్నాడు పొద్దున్నే కాటా దగ్గర ముఠా కూర్చుంది. ఇద్దరూ చెరో మూలా నిలబడ్డారు, ఒకరి వైపు ఒకరు చూడకుండా.

"చెప్పు, రసూల్‌బీ," అన్నాడు దానయ్య.

"ఏమీ చెప్పను. ఆ మాట పుట్టింది మాత్రం నా నోట్లోనే. అనకూడదు, అన్నాను. తప్పు నాది."

"అంటే చూశావన్నమాట."

"నీ ఇంట్లోకి నేనెప్పుడన్నా తొంగి చూశానా, దానయ్యా?"

ఎవడో కిసుక్కున నవ్వాడు.

"అదీ ఇదీ ఒకటా?"

"ఒకటే అనుకో. అనుకుంటే నీకేం పోయిందో అది చెప్పు."

దానయ్య దేవుడి మాటెత్తాడు. "దేవుడి పని దేవుణ్ణి చూసుకోనీ," అని ఆమె దబ్బనం కొప్పులో గుచ్చుకుని కింద కూర్చుంది. "వాళ్లు లేని ముఠాకి నేను మూతులు కుట్టను."

ముప్పై టిక్కీలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. బయట లారీ నిలబడి ఉంది. చాంద్‌బీ మేస్త్రి మొహం చూసి, ఈమె మొహం చూసి, కాస్త ఎడంగా తనూ చతికిలబడింది. మాట మోసిన తప్పు తెలిసి కూర్చుందో, ఎండకి కూర్చుందో రసూల్‌బీకి అంతుపట్టలేదు.

అప్పుడు దానయ్య జతగాడు, ముసలి యేసుపాదం చొక్కా విప్పి వీపు తిప్పాడు. "ఒరేయ్ దానయ్యా, పది రోజులైంది, ఒళ్లు కాలిపోతోందిరా. ఆముదం రాస్తావా, నా మీద కూడా ముఠా కూర్చోబెడతావా?"

అందరూ నవ్వారు, దానయ్య తప్ప. లారీవాడు హారన్ మోగించాడు. "చూస్తావేంట్రా బుడాన్, దిగు టిక్కీలోకి," అన్నాడు దానయ్య, మొహం ఎటో పెట్టుకుని. ఆ మాటని ఎన్నాళ్లు నమ్మొచ్చో అనుకుంటూనే ఆమె దబ్బనం తీసింది.

ఆదివారం బుడాన్ పంచలో ఒక్కడే కూర్చున్నాడు.

"వాడేడి?"

"రానన్నాడత్తా. ఇక్కడికి రాడంట."

"నా వల్లేనా?"

బుడాన్ గ్లాసుల గూటి వైపు చూశాడు. ఆమె విడిగా పెట్టిన గ్లాసులు రెండూ తెచ్చి, వాడి ఎదురుగానే తన గ్లాసుల్లో కలిపి తోమింది. ఏది ఎవరిదో పోల్చుకోలేనట్టు కలిపేసి, చేతికొచ్చిన గ్లాసులో టీ పోసి ఇచ్చింది. బుడాన్ అందుకున్నాడు గానీ తాగకుండా ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. ఆమె తప్పు పట్టలేదు. తనైనా అంత తొందరగా నమ్మేది కాదు.