ముల్లు దిగిన మధ్యాహ్నం

మా అన్న కిరాయికి నడిపే డీజిల్ కారు మా ఇంటికి వచ్చేసరికే ముసలిది. అంతకు ముందటి కార్లలో రేడియేటర్ మొత్తం ఇత్తడిదే ఉండేది, కారితే మాటు వేయించుకునేవాళ్లు. దీనికి మాత్రం పైన నీళ్లుండే డబ్బా ప్లాస్టిక్‌ది. ఏళ్ల తరబడి వేడికి రంగు వెలిసి, పెళుసుబారి, ఒక మూల వెంట్రుకంత చీలిక వచ్చింది. అన్న దానికి జిగురు పూసి, "గీ చెరుకు సీజన్ ఎల్లనీ, కొత్తది ఏయిస్త" అన్నాడు.

సీజన్ చివర్లో ఒక మధ్యాహ్నం మమ్మల్ని కన్న అవ్వ బీడీలు చుడుతూనే పక్కకు ఒరిగింది. మూతి వంకర పోయింది. కోటగిరి డాక్టర్ చూసి, వెంటనే నిజామాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అన్న కారు తీశాడు. వెనక సీట్లో అవ్వ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బోధన్ దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక చిక్కుకున్నాం. ముందంతా దుమ్ము. ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. కాసేపటికి దానంతట అదే కిందికి దిగింది.

"సూడు చెల్లె, సల్లబడ్డది" అన్నాడు అన్న సంబరంగా. దొరికిన సందులో వేగం పెంచాడు.

డబ్బా పగిలి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయని, వేడి కొలిచే సెన్సర్‌కు తాకడానికి నీళ్లు లేకే ముల్లు దిగిందని మాకు తరవాత తెలిసింది. ఇంజిన్ ఒక్కసారి కీచుమని పట్టేసింది. ఇక కదల్లేదు.

అన్న రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడ్డాడు. జీపులు తప్పుకుని పోయాయి. చివరికి జనంతో నిండిన ఆటో ఒకటి ఆగింది. అందులోని గడ్డం పెద్దాయన మమ్మల్ని చూసి, "ఉత్‌రో భాయ్, దిగుండ్రి అందరు!" అని అరిచాడు. ఆసుపత్రి దాకా అవ్వ కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని ఆయన మాతోనే వచ్చాడు.

"లేటయింది" అన్నాడు అక్కడి డాక్టర్. ముందే వస్తే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు. అన్న అడగలేదు.

అవ్వ బతికింది. కుడి చెయ్యి, మాట పోయాయి. అన్న కారును తుక్కు కింద అమ్మేసి, ఇంకొకరి ట్రాక్టర్ మీద డ్రైవర్‌గా కుదిరాడు. పొద్దున పనికి పోయేముందు అవ్వకు మొహం కడిగి, తల దువ్వేవాడు. ఆ పని నన్ను చేయనిచ్చేవాడు కాదు.

చాలా రోజులకు ఆమెకు కొన్ని మాటలు తిరిగొచ్చాయి. ఒకరోజు తల దువ్వుతుంటే, కూడబలుక్కుంటూ అడిగింది: "బండేది రా?"

అన్న చెయ్యి ఆగిపోయింది. "అమ్మిన, అవ్వా."

"ఎందుకమ్మినవ్ రా బిడ్డా? మంచి బండి గద."

ఆ మధ్యాహ్నం ఆమెకు బొత్తిగా గుర్తు లేదని అప్పుడు తెలిసింది. అన్న దువ్వెన నా చేతికిచ్చి బయటికి పోయాడు. జరిగింది ఆమెకు మేము ఎప్పుడూ చెప్పలేదు. పలకరించడానికి వచ్చిన వాళ్లకల్లా, తన కొడుకు బంగారంలాంటి బండి అమ్ముకున్నాడని ఆమె చెప్తూనే ఉండేది. తను చనిపోయేదాకా చెప్పింది. అన్న పక్కనే కూర్చుని వినేవాడు.