చప్పుడు గిట్టని బావ

మా బావకు చప్పుడు గిట్టదు. ఇంట్లో చప్పుడు చేసే హక్కు ఒక్క ఆయన నోటికే ఉంది. గోడ గడియారం గంట కొడుతోందని లోపలి సుత్తిని పీకేశాడు. పడకగది తలుపు కిర్రుమంటోందని మడతబందుల్లో ఎంత నూనె పోశాడంటే, ఆ గడపలో కాలుపెట్టిన ప్రతివాళ్ళూ జారారు. కెటిల్ ఈల వేస్తోందని ఆ ఈల మూత తీసి పారేస్తే, నీళ్ళు ఎప్పుడు మరిగాయో తెలియక మా అక్క కెటిల్ మాడ్చేసింది. మాడ్చినందుకు తిట్లు తిన్నదీ అక్కే.

ఆయన బస్సుల డిపోలో స్టోరు చూసేవాడు. మెకానిక్కులు అడిగిన పార్టును అరలోంచి తీసి కిటికీలోంచి అందించడం పని. రిటైరయ్యాక, అన్ని పార్టులూ తన చేతి మీదుగానే వెళ్ళాయి కాబట్టి ఇంజన్ల సంగతంతా తనకే తెలుసని తీర్మానించుకున్నాడు. కత్తెరలు అమ్మినవాడు జుట్టు కత్తిరిస్తానని కూర్చున్నట్టు. వీధిలో ఎవరి బండి ఆగినా స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్రత్యక్షం. దాని కొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవి విరుస్తాడు. అందుకే ఆయనకు ‘డాక్టరు’ అని పేరు పెట్టాం. అది వెక్కిరింపని ఆయనకు ఇంతవరకూ తట్టలేదు.

నాది ఇంజను హెడ్లు బాగుచేసే షెడ్డు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసేది వాల్వులనే. అయినా ఆయన దృష్టిలో నేను బావమరిదిని. నా మాట నవ్వుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇల్లు గడిచేది అక్క వాన్ మీద. ఆసుపత్రి దుప్పట్లు ఉతికించి, పొద్దున్నే వార్డులకు చేర్చే పని ఆమెది. వాన్ తనే నడుపుతుంది. ఆసుపత్రి గుట్ట మీద ఉంది, దారంతా ఎక్కుడే. దుప్పట్లు ఒక్క పూట అందకపోయినా పని ఇంకొకళ్ళకు ఇచ్చేస్తానని అక్కడి పెద్ద నర్సు మొదట్లోనే చెప్పేసింది. పాత వాన్ ఏనాడూ ఆమెను నడిదారిలో వదిలెయ్యలేదు. అదే మా డాక్టరుకు నచ్చినట్టు లేదు.

ఫోను వీడియోలో ఎవరో రాకర్ ఆర్మ్‌లు మార్చి, ఇంజను గుర్రమైపోయిందని గంతులేస్తుంటే చూశాడట. రాకర్ ఆర్మ్ అంటే ఇంజను పైమూత కింద తూగుడుబల్లలా ఊగే చిన్న చెయ్యి. కింది నుంచి పుష్‌రాడ్ అనే కడ్డీ ఒక కొసను పైకి తోస్తే, రెండో కొస వాల్వును నొక్కి తెరుస్తుంది. పాతవి నిక్షేపంగా ఉన్నాయి. ఈయన మాత్రం ఏదో ఊరూపేరూ లేని కంపెనీవి, ఎర్రగా మెరిసేవి తెప్పించి, ఒక సెలవురోజు పెరట్లో కూర్చుని బిగించేశాడు.

స్టార్ట్ చెయ్యగానే టకటకటక.

అక్క గాభరాగా నన్ను పిలిచింది. నేను వెళ్ళేసరికి ఆయన స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని సమాధిలో ఉన్నాడు.

“బావా, కొత్త ఆర్మ్‌ల కొలత వేరు. పాత పుష్‌రాడ్‌లు వీటికి సరిపోయినట్టు లేవు. మూత తీసి వాల్వు నెత్తిన మార్కర్‌తో కాస్త రంగు పూద్దాం. ఇంజను చేత్తో తిప్పితే రాకర్ ఎక్కడ రాసుకుంటోందో గీత పడుతుంది. గీత మధ్యలో ఉంటే సరే, అంచున ఉంటే కడ్డీలు మార్చాలి. అంతే పని.”

“రంగులు పూసుకోవడం పిల్లలాటరా,” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “నాకు వినపడుతోంది. ఇది ఆయిలు లోపం.”

ఆయిలు మార్చాడు. టకటక. పెట్రోలు కల్తీ అన్నాడు. ట్యాంకు ఖాళీ చేసి మళ్ళీ నింపాడు. టకటక. చివరికి, ఏనాడో బండి ముట్టుకున్న ఒక మెకానిక్కును, పాపం అతను పోయి కూడా చాలాకాలమైంది, నోటికొచ్చినట్టు తిట్టాడు. మూత తీసి లోపలికి చూడటం మాత్రం నామోషీ.

“శబ్దం ఉంటే ఉందిలెండి,” అంది అక్క. “తమ్ముడి షెడ్డుకు తీసుకెళ్తాను. గుట్ట ఎక్కితే నాకంతే చాలు.”

“నా ఇంట్లో బండికి వాడు వైద్యం చేస్తాడా?” అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. “ఒరేయ్ బావమరిదీ, వచ్చి విను. నీ రంగులూ గీతలూ అక్కర్లేకుండానే కుదిర్చేశాను.”

వెళ్ళి విన్నాను. ఇంజను పిల్లిలా తిరుగుతోంది. నాకు ఒళ్ళు మండింది. మూత తీశాడు సరే, చూడటానికి కాదు. టాపెట్ గ్యాపులన్నీ, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందులన్నీ, చప్పుడు చచ్చేదాకా బిగించేశాడు. ఆ సన్నని సందు ఉంటేనే వాల్వు పూర్తిగా మూసుకుంటుంది. సందు లేకపోతే ఎప్పుడూ ఓరగా తెరుచుకునే ఉండి, మంట తగిలి అంచు కాలిపోతుంది. కాలేటప్పుడు అది అరవదు కూడా.

“బావా, కొంచెం టకటక ఉండాల్సిందే. వదులు చెయ్యండి. వాల్వులు కాలిపోతాయి.”

“కుళ్ళు,” అన్నాడు అక్కవైపు తిరిగి. “నీ తమ్ముడికి గిరాకీ పోయిందని కుళ్ళు.”

అక్క దుప్పట్ల మూటలు వాన్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని కూడా తన గెలుపులో కలిపేసుకున్నాడు.

కొన్నాళ్ళకు వాన్ ఎక్కుడు దగ్గర నీరసపడటం మొదలుపెట్టింది. వేడెక్కితే ఓ పట్టాన స్టార్ట్ కాదు. సైలెన్సర్‌లోంచి టప్ టప్ మని దగ్గు. అక్క రోజూ చెప్పింది. నీకు నడపడం రాదు, గేరు మార్చడం తెలీదు, దుప్పట్లు ఎక్కువ వేస్తున్నావు అని రోజుకో కారణం పారేశాడు. ఆయన నిర్ధారణలో ఇంజను తప్ప అందరూ రోగులే.

ఒక పొద్దున గుట్ట సగంలో వాన్ ఆగిపోయింది. అక్క దుప్పట్ల మూటలు భుజాన వేసుకుని నడిచి మోసింది. మొదటి మూట చేర్చి రెండోదానికి దిగేసరికే వార్డుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మూటలన్నీ చేరేసరికి పెద్ద నర్సు గుమ్మంలోనే నిలబడి ఉంది. అన్న మాట నిలబెట్టుకుంది. పని ఇంకో సంస్థకు వెళ్ళిపోయింది.

వాన్‌ను నా షెడ్డుకు లాక్కొచ్చి హెడ్డు దించాను. రెండు వాల్వులు అంచులు కొరికేసిన బిస్కెట్లలా ఉన్నాయి. రాకర్ రాసుకున్న గుర్తు, నేను చెప్పినట్టే, వాల్వు నెత్తిన ఒక అంచుకు పోయి ఉంది. డాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ చూశాడు. భార్య అన్నం పోయిన చోట నిలబడి ఆ మనిషి అన్న మాట ఇది:

“ఏదేమైనా, చప్పుడైతే పోయింది కదా.”

అక్క ఆయన్ని దాటుకుని నా దగ్గరికి వచ్చింది. “బాగుచెయ్యకు, తమ్ముడూ. ఇంటికి లాగి పడెయ్,” అంది.

పని దక్కించుకున్న సంస్థకు డ్రైవరు కావలసి వచ్చింది. ఆ దారి, ఆ వార్డులు అక్కకు కొట్టినపిండి. తన పనికే తను జీతగత్తెగా చేరింది. ఆమె నోరు తెరిచి ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది.

మొదటి రోజు ఆ సంస్థ వాన్ ఇంటిముందు ఆపగానే బావ స్క్రూడ్రైవర్‌తో ప్రత్యక్షమయ్యాడు. అది చక్కగా, నిండు ఆరోగ్యంతో టకటకలాడుతోంది.

“గ్యాపు ఎక్కువైంది. బానెట్ ఎత్తు, బిగించేస్తాను.”

అక్క దిగి, ఆ స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోంచి లాక్కుని డాష్‌బోర్డు అరలో పడేసింది.

“దీని చప్పుడు నాకు కావాలి. మీరు వినలేకపోతే గదిలోకెళ్ళి తలుపేసుకోండి. నూనె బాగానే పోశారుగా, కిర్రుమనదు.”

ఆయన నావైపు చూశాడు. జాలి పడాలేమో. నాకు రాలేదు.

ఇప్పుడు అక్క పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి, బయల్దేరే ముందు కాసేపు అలాగే ఉంచుతుంది. టకటక వీధంతా వినపడుతుంది. ఆ కాసేపూ బావ పెరట్లోకి పోయి, హెడ్డు లేని ఆ పాత వాన్‌లో కిటికీ అద్దాలు ఎక్కించుకుని కూర్చుంటాడు.